పనిలో చదువు

వైద్యవిద్య చదివినవారు పూర్తి పట్టా పొందడానికి ముందు ఆసుపత్రిలో హౌస్‌సర్జన్లుగా పనిచేస్తారు. ఉపాధ్యాయ శిక్షణ పొందేవారు బడికి వెళ్లి, అధ్యాపకుల ఎదుట పాఠం చెప్పి చూపుతారు. పుస్తకంలో చదివినది చేతికి వచ్చిందో లేదో పని చేసే చోటనే తెలుస్తుంది. ఒకప్పుడు కొన్ని చదువులకే పరిమితమైన ఈ పద్ధతి ఇప్పుడు బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. చదివేవారికి కూడా వచ్చింది. దీనినే ఇంటర్న్‌షిప్ అంటారు. కొద్ది సంవత్సరాలలో మీరూ కళాశాలలో చేరతారు. అందుచేత దీని నియమాలను ఇప్పుడే తెలుసుకుందాం.

పనినీ చదువునూ జోడించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 1906లో 27 మంది ఇంజనీరింగు విద్యార్థులతో ఈ ప్రయోగం ప్రారంభించాడు. వారు కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో మార్చి మార్చి గడిపేవారు. మన దేశంలో 2020 నాటి జాతీయ విద్యావిధానం ఇటువంటి శిక్షణకు డిగ్రీ చదువులో చోటు కల్పించింది.

క్రెడిట్ అంటే ఏమిటి?

విద్యార్థి ఒక విషయం మీద వెచ్చించిన శ్రమకు కొలత క్రెడిట్. ధాన్యాన్ని కుంచాలతో కొలిచినట్లు చదువును క్రెడిట్లతో కొలుస్తారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2022లో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. తరగతిలో 15 గంటల పాఠానికి ఒక క్రెడిట్ లభిస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో ఒక క్రెడిట్‌కు 30 గంటలు పనిచేయాలి. 60 నుండి 120 గంటల ఇంటర్న్‌షిప్‌కు 2 నుండి 4 క్రెడిట్లు వస్తాయి. రోజుకు ఆరు గంటల చొప్పున పనిచేస్తే 120 గంటలకు ఇరవై రోజులు పడుతుంది.

మన పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్ 2020-21 విద్యాసంవత్సరంలో మూడేళ్ల డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. అందులో మొదటి భాగం సమాజసేవా ప్రాజెక్టు. దానికి 180 గంటలు కేటాయించి 4 క్రెడిట్లు ఇచ్చారు. గంటల లెక్క అన్నిచోట్లా ఒకేలా ఉండదని దీనివల్ల తెలుస్తుంది. మన పిల్లలలో కొందరు జయపురంలో చదివితే, కొందరు విజయనగరం, విశాఖపట్నం వెళతారు. ఎక్కడ చేరితే అక్కడి నియమావళిని ముందుగా చదవాలి.

గంటలు నిండితే చాలదు

బోరిగుమ్మలో ఒక విద్యార్థి వేసవి సెలవులన్నీ తన తండ్రిగారి కిరాణా కొట్టులో పనిచేశాడనుకుందాం. సరుకు తూచాడు, ఖాతాలు రాశాడు. గంటలు లెక్కిస్తే 200 దాటాయి. సెలవుల తరువాత కళాశాలకు వెళ్లి క్రెడిట్లు ఇమ్మంటే ఇవ్వరు. అతని శ్రమ తక్కువదని కాదు. అతడు ఏమి నేర్చుకోవాలో ముందుగా నిర్ణయించినవారు లేరు. నేర్చుకున్నాడని పరిశీలించినవారూ లేరు. క్రెడిట్ ఇచ్చేది చేసిన పనికి కాదు, ఆ పనిలో నేర్చుకొని నిరూపించిన చదువుకు. ఈ తేడా తెలియకపోతే సెలవులూ శ్రమా రెండూ వృథా అవుతాయి.

కాబట్టి ఈ అయిదు విషయాలు గుర్తుంచుకోవాలి.

1. ముందుగా అనుమతి పొందాలి. పని చేసే సంస్థ పేరు, కాలం, నేర్చుకోబోయే విషయం రాసి కళాశాలకు ఇవ్వాలి. పని మొదలుపెట్టిన తరువాత అడిగితే ఆలస్యమవుతుంది.

2. ఇద్దరు పెద్దల పర్యవేక్షణ ఉండాలి. కళాశాలలో ఒక మార్గదర్శి అధ్యాపకుడు, పనిచోట ఒక పర్యవేక్షకుడు ఉంటారు.

3. ప్రతిరోజూ దినచర్య పుస్తకం రాయాలి. హాజరుతోపాటు ఆనాడు నేర్చినది అందులో ఉండాలి.

4. పని ముగిసిన తరువాత సంస్థ నుండి ధ్రువపత్రం తీసుకోవాలి. నివేదిక రాసి కళాశాలకు సమర్పించాలి.

5. అధ్యాపకుల ఎదుట నివేదికను వివరించి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి.

ఒక ఉదాహరణ

బోరిగుమ్మకు సమీపంలోని కోట్‌పాడ్ చేనేతకు 2005లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడి నేతపనివారు ఆల్ చెట్టు వేరు బెరడు నుండి ఎర్రరంగు తీస్తారు. ఒక రసాయనశాస్త్ర విద్యార్థిని కళాశాల అనుమతితో అక్కడ పని నేర్చుకుంటున్నదనుకుందాం. ఆమె “ఈరోజు నూలుకు రంగు వేశాము” అని రాస్తే అది హాజరు మాత్రమే. ఎంత నూలుకు ఎంత బెరడు పట్టింది, ఎంతసేపు నానబెట్టారు, రంగు ఎప్పుడు ముదిరింది, ఎందుకు ముదిరింది అని రాస్తే అది చదువు. అదే చోట వాణిజ్యశాస్త్ర విద్యార్థి నూలు ఖరీదు, కూలి, అమ్మకపు ధర లెక్కగట్టవచ్చు. పని ఒకటే అయినా ఎవరి చదువుకు తగిన ప్రశ్న వారిది.

మన ప్రాంతంలో చూసి నేర్చుకోదగిన చోట్లు ఇంకా ఉన్నాయి. సునాబేడలో విమాన ఇంజన్లు తయారవుతాయి. దామన్‌జోడిలో బాక్సైటు నుండి అల్యూమినా తీస్తారు. రాయగడ దగ్గర కాగితపు మిల్లు ఉంది. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ గుర్తించింది. పెద్ద సంస్థలు కోరిన వారందరినీ చేర్చుకోలేవు. గ్రామపంచాయతీ, సహకార సంఘం, గ్రంథాలయం వంటి చోట్ల కూడా నేర్చుకోదగినది ఎంతో ఉంటుంది. ఇంట్లో తెలుగు, అంగడిలో ఒడియా మాట్లాడే మీకు రైతునూ నేతగాడినీ పలకరించి వివరం రాబట్టడం తేలిక. ఇది మీకున్న బలం.

మరి రెండు మాటలు

ఇంటర్న్‌షిప్‌లో జీతం తప్పక వస్తుందని అనుకోరాదు. బస్సు ఛార్జీ, భోజనం ఖర్చు ఎవరు భరిస్తారో చేరకముందే అడగాలి. పేదవిద్యార్థి ఇలా అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. ఇక రెండవది: పని చేయకుండా ధ్రువపత్రం సంపాదించాలనే ఆలోచన మంచిది కాదు. కాగితం మీది ముద్ర మౌఖిక పరీక్షలో జవాబు చెప్పదు. రేపు ఉద్యోగంలోనూ ఆదుకోదు.

సంపాదించిన క్రెడిట్లను భద్రపరచడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఏర్పడింది. ఒక కళాశాలలో చదువు ఆగిపోయినా, అందులో జమ అయిన క్రెడిట్లు సాధారణంగా ఏడేళ్ల వరకు చెల్లుతాయి. ఇంటి పరిస్థితుల వల్ల మధ్యలో చదువు మానేసినవారు తిరిగి చేరడానికి ఇది ఒక దారి. అయితే నియమం ప్రకారం నమోదైన శ్రమే అక్కడ జమ అవుతుంది.

అభ్యాసం

1. క్రెడిట్ అంటే ఏమిటి? ఇంటర్న్‌షిప్‌లో ఒక క్రెడిట్‌కు ఎన్ని గంటలు కావాలి?

2. కిరాణా కొట్టులో పనిచేసిన విద్యార్థికి క్రెడిట్లు ఎందుకు రాలేదు? అతడు ముందుగా ఏమేమి చేసి ఉండవలసింది?

3. రోజుకు అయిదు గంటల చొప్పున పనిచేస్తే 4 క్రెడిట్లకు ఎన్ని రోజులు పడుతుంది?

4. మీ ఊరిలో ఒక పనివారిని కలిసి, వారి పనిని ఒకరోజు గమనించి, దినచర్య పుస్తకంలో రాసినట్లు పది వాక్యాలు రాయండి.