దాణా బస్తాలో పురుగు – ఇంట్లో ప్రమాదం

పశువుల దాణాకూ ఆసుపత్రి పత్రికకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. దాణాకు పురుగు పడితే కొందరు విషపు మాత్రలు తెచ్చి బస్తాల మధ్య పెడతారు. ఆ విషం పురుగులనే కాదు, అదే ఇంట్లో నిద్రించే పిల్లలనూ చంపగలదు. అందుకే ఈ పాఠం.

కొత్త దాణా అంటే ఏమిటి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో బర్రెలకు తవుడు, పల్లి చెక్క, పత్తి చెక్క పెట్టడం మనకు తెలిసిందే. ఇప్పుడు కొన్ని దాణాల్లో డీడీజీఎస్ అనేది కలుస్తున్నది. మక్కలు, బియ్యం పులియబెట్టి పెట్రోలులో కలిపే ఇథనాల్ తీస్తారు. మిగిలిన పిప్పిని ఎండబెడితే అదే డీడీజీఎస్. మన దేశపు పెట్రోలులో 2014లో సుమారు 1.5 శాతమున్న ఇథనాల్ 2025లో 20 శాతానికి చేరింది. కనుక ఈ పిప్పి కూడా పెరిగింది.

ఇందులో మాంసకృత్తులు ఎక్కువ. ఇది చెడ్డ మేత కాదు. అయితే గింజలో బూజు విషం ఉంటే, పిప్పిలో అది సుమారు మూడింతలవుతుంది.

పురుగు, బూజు

ముక్క పురుగు గింజ లోపల గుడ్లు పెడుతుంది. పొడి దాణాలో కనిపించేది ఎక్కువగా ఎర్ర పిండి పురుగు. అది పెరిగితే దాణా వేడెక్కి, చెమ్మగిల్లి, చెడు వాసన వస్తుంది. చెమ్మ ఉన్నచోట బూజు పడుతుంది. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది పాలలోకి దిగుతుంది, మరిగించినా పోదు. ఈ విషం కాలేయ క్యాన్సర్‌కు ఒక కారణం. హెపటైటిస్ బి ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ.

మనం చేయవలసినవి

1. నెలకు సరిపడా దాణా మాత్రమే కొనండి. పాత బస్తా ముందు వాడండి.
2. బస్తాలను చెక్క పలకల మీద, గోడకు దూరంగా, తడి తగలకుండా ఉంచండి.
3. కొత్త బస్తా పెట్టేముందు మూలలు, పగుళ్ళు ఊడ్చి శుభ్రం చేయండి.
4. కొద్దిగా పురుగు పడితే పలుచగా ఎండబోసి జల్లించండి.
5. బూజు పట్టినదాన్ని ఎండబెట్టినా విషం పోదు. పశువుకూ కోడికీ పెట్టక గొయ్యి తీసి పూడ్చండి.

చేయకూడనిది

అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లో వాడవద్దు. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. 3 గ్రాముల మాత్ర నుండి సుమారు 1 గ్రాము వాయువు పుడుతుంది. అది గోడల సందుల గుండా పక్క గదిలోకి పోతుంది. వెల్లుల్లి లేక కుళ్ళిన చేప వాసన రావచ్చు. వాసన లేదని ధైర్యపడరాదు. దీనికి విరుగుడు మందు లేదు. శిక్షణ పొందినవారు మాత్రమే, అదీ మనుషులు నివసించని గోదాముల్లోనే దీన్ని వాడాలి.

ప్రమాదం జరిగితే

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే తిన్నది పడలేదని ఊరుకోవద్దు. వెంటనే అందరూ బయట గాలిలోకి రండి. ఎవరైనా లోపల పడిపోతే తలుపులు తెరిచి 108కి ఫోన్ చేయండి, గాలి ఆడకముందు లోపలికి దూకవద్దు. మాత్రల మీద నీళ్ళు పోయవద్దు. ఎవరైనా మాత్ర మింగితే వాంతి చేయించవద్దు, నోటికి ఏమీ ఇవ్వవద్దు. ఆసుపత్రికి రాగానే “ఇంట్లో మాత్రలు పెట్టాము” అని మొదటి మాటగా చెప్పండి. ఎవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. ఆ ఒక్క మాట దాస్తే మాకు విలువైన సమయం పోతుంది.

ఈ రాత్రే ఒకసారి చూడండి: మీ పిల్లలు పడుకునే గదిలో దాణా బస్తా ఉన్నదా?