చిత్రలేఖన సాఫ్ట్‌వేరునకు తెలుగు మాటలు

కంప్యూటరుపై బొమ్మలు గీయుటకును, ఛాయాచిత్రములను దిద్దుటకును ఉపయోగపడు ‘గింప్’ అను సాఫ్ట్‌వేరును 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ప్రాంగణమున చదువుచుండిన స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అను ఇరువురు విద్యార్థులు ప్రారంభించిరి. 1996లో అది లోకమునకు అందినది. ఆ యేడే లారీ ఈవింగ్ దానితో గీసిన పెంగ్విన్ బొమ్మ లినక్స్‌నకు గుర్తుగా నిలిచినది.

దీనికి వెల లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి, దీని సోర్స్ కోడ్‌ను, అనగా కంప్యూటరు చేయవలసిన పనులను తెలుపు మూలరచనను, ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఇట్టిదానిని ఓపెన్ సోర్స్ అందురు. ప్రోగ్రాములు వ్రాయనేర్చినవారే దీనికి తోడ్పడగలరని పలువురు తలంతురు. అది సరికాదు. లోపము కనబడినపుడు ఏ పని చేయగా కలిగినదో వరుసగా వ్రాసి తెలుపుటయు సాయమే. తెలుగు చదువుకొను మనకు తగిన పని అనువాదము.

తెరపై కనబడు మాటలు ఒక ప్రత్యేకమైన ఫైలులో నుండును. ఆంగ్లవాక్యము ఒక పంక్తి. దాని దిగువ కొటేషను గుర్తుల నడుమ ఖాళీ. అచ్చట తెలుగు వ్రాయవలెను. వ్రాయనిచో తెరపై ఆంగ్లమే కనబడును. తెలుగు కనబడకుండుటకు పెక్కుమారులు ఇంతకంటె పెద్ద కారణముండదు.

పని తేలికవలె తోచును గాని, ‘క్రాప్’ అనిన నిఘంటువు ‘పంట’ అని చెప్పును. చిత్రకారునకు అది అంచులను కత్తిరించుట. ‘లేయర్’ను ‘పొర’ అనవచ్చును. ‘బ్రష్’నకు ‘కుంచె’ ఎన్నడో సిద్ధముగా నున్నది. మా తరగతిలో మాత్రము బ్రష్ అనగా పండ్లు తోముకొనునదే కదాయని పిల్లలు నవ్విరి. ‘ఫిల్టర్’ అనినను, ‘వడపోత’ అనినను మన ప్రాంతమున కాఫీయే తలపునకు వచ్చును గనుక వాడుకలోని మాటనే ఉంచుట మేలని మా అభిప్రాయము.

కొన్ని వాక్యములలో శాతపు గుర్తును, దానిని అంటి యొక అక్షరమును ఉండును. ఫైలు పేరో, సంఖ్యయో ఆ చోటికి వచ్చి చేరును. దానిని చెరుపరాదు. తెలుగున క్రియ చివర వచ్చును గనుక అట్టి గుర్తులు రెండున్నచో తావులు మారవలసి రావచ్చును; అపుడు వానికి 1, 2 అను అంకెలు చేర్చవలెను.

ఇంట కన్నడము కలసిన తెలుగు మాటలాడు మన పిల్లలు ఈ పనికి తాము తగమని సంకోచింతురు. ‘చెరుపు’, ‘దిద్దు’, ‘పూయు’, ‘త్రిప్పు’ అనునవి మన అవ్వలు నిత్యము పలుకు మాటలే. తెరపై కావలసినవియు అవియే.

తొమ్మిదవ తరగతివారు ముందుగా ఇరువది పంక్తులు తీసికొని, ప్రతి మాటయు తెరపై ఎచ్చట వచ్చునో చూచి, పిదప వ్రాయవలెను. మరియొకరు సరిచూచిన తరువాతనే అది సాఫ్ట్‌వేరున చేరును. ఆంగ్లవాక్యము మారినచో పాత అనువాదమునకు సందేహపు గుర్తు పడి, అది తెరపైనుండి తొలగును. అందుచేత మరుసటి యేటి తరగతికిని పని మిగిలియే యుండును.