ముదిమియందు తోడు

పఠనభాగములు: 1 రాజులు 1:1–4, మార్కు 7:9–13, యోహాను 19:25–27



గత మాసమున మేము శంకర్‌పల్లి దగ్గరనున్న ఒక పల్లెలో గృహదర్శనమునకు వెళ్లితిమి. ఆ యింట డెబ్బది దాటిన తల్లి ఒంటరిగా నున్నది. అమెరికాలో నున్న కుమారుడు ఆమెకొక మాటలాడు పెట్టెను పంపెను. అది వేళకు మాత్రలు జ్ఞాపకము చేయును. అడిగిన పాట వినిపించును. బాగుగా నున్నదా అని మేమడుగగా ఆమె, "మంచిగనే ఉన్నది అయ్యగారూ. తిన్నవా అని అడుగుతది. తినలేదంటే సరే అని ఊకుంటది" అనెను. ఈ మాసపు పాఠము ఆ మాటనుండి పుట్టినది.

1. ఈ యంత్రములెట్టివి?

వృద్ధులకు తోడుగా నుండుటకై నేడు రోబోలను చేయుచున్నారు. జపానులో తకనోరి షిబాత అను శాస్త్రజ్ఞుడు 1993లో పని మొదలుపెట్టి 'పారో' అను దానిని చేసెను. అది సీలు అను సముద్రజంతువు పిల్లవలె నుండును. తెల్లని బొచ్చు, ఇంచుమించు 2.7 కిలోల బరువు. నిమిరినయెడల తల త్రిప్పును, రెప్పలార్చును, కూత పెట్టును. మతిమరపు వ్యాధిగల వృద్ధుల ఒడిలో దాని నుంచుదురు. 2009లో అమెరికా ప్రభుత్వము దానిని వైద్యోపకరణముల వర్గమున చేర్చెను. 'ఎలిక్యూ' అనునది బల్లమీద నుండు యంత్రము. పిలువకమునుపే తానే పలుకరించును. 2022లో న్యూయార్కు రాష్ట్రపు వృద్ధుల శాఖ 800 మందికి పైగా వృద్ధులకు దీని నిత్తుమని ప్రకటించెను.

ఇది దూరదేశపు ముచ్చట అనుకొనవద్దు. 2011 జనాభా లెక్కలలోనే మన దేశమున అరువదేండ్లు నిండినవారు 10 కోట్లకు మించిరి. మన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల యువకులు పొద్దున్నే గచ్చిబౌలి, కోకాపేట పనులకు పోవుదురు. కొందరు సముద్రములు దాటిరి. పగటివేళ అనేక గడపలలో ముసలివారే మిగులుచున్నారు.

2. వీటివలన మేలు కలదా?

కలదు. కళ్లజోడును, చేతికర్రను వద్దనని మనము దీనిని మాత్రము చూచి భయపడనేల? ఆస్ట్రేలియాలో మతిమరపు వ్యాధిగల 415 మంది వృద్ధులను మూడు గుంపులుగా చేసి పరీక్షించి, 2017లో ఫలితము ప్రకటించిరి. ఒక గుంపునకు పారోను, మరియొక గుంపునకు యంత్రము పనిచేయని అదే బొమ్మను ఇచ్చిరి. మూడవ గుంపునకు మామూలు సంరక్షణ మాత్రమే. పారోను పట్టుకొన్నవారు ఎక్కువగా చూచిరి, ఎక్కువగా మాటలాడిరి. మామూలు సంరక్షణలో నున్నవారికంటె వారి సంతోషము హెచ్చెను, ఆందోళన తగ్గెను. అయితే ఆందోళన తగ్గించుటలో వట్టి బొమ్మకంటె పారో మిన్న అని తేలలేదు.

దావీదు రాజు సంగతి చూడుడి. ముసలితనమున ఎన్ని బట్టలు కప్పినను ఆయనకు చలి తీరలేదు. బట్టలు కప్పుట తప్పు కాదు. అవి చాలలేదు, అంతే. దగ్గర నుండి సేవచేయుటకు ఒక మనిషిని వెదకవలసి వచ్చెను.

3. కొర్బాను

తలిదండ్రులకు చెందవలసిన దానిని దేవునికి అర్పితమని చెప్పి, వారి పోషణనుండి తప్పించుకొనిన వారిని ప్రభువు గద్దించెను. కానుక చెడ్డది కాదు. కానుకను సాకుగా చేసికొనుట చెడ్డది. యంత్రమును పంపి, "ఇక నాకు చింత లేదు" అను కుమారునికి అది కొర్బానే. మరి రాత్రింబగళ్లు మంచముపట్టిన అత్తమామలకు చాకిరి చేయు కోడలికి అదే యంత్రము గడియసేపు ఊపిరి తీసికొననిచ్చిన, అది దయగల కానుక. యంత్రము కోడలి భారమును తగ్గించవచ్చును గాని కుమారుని బాధ్యతను తీర్చజాలదు.

ఇంతమాత్రము చెప్పి ఊరకొనిన మేము వేషధారుల మగుదుము. ఆ తల్లి యింటికి మేము వెళ్లి ఎనిమిది నెలలైనది. వెళ్లినదియు కోతపండుగ కానుక అడుగుటకే. దేవుని పేర కానుక పుచ్చుకొని, ఆమె తిన్నదో లేదో అడుగక వచ్చియుందుము. పెట్టె అయినను అడిగినది! కొర్బాను పాపము అమెరికాకు పోయిన కుమారునిది మాత్రమే కాదు, సంఘమునదియు, కాపరిదియు.

సిలువమీద వేదనపడుచు ప్రభువు తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించెను. ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను. ఆయన మనిషికి మనిషినే తోడుగా ఇచ్చెను.

4. మనము చేయవలసినది

ప్రతి ఆదివారము ఆరాధన తరువాత ఇద్దరు చొప్పున ఒంటరి వృద్ధుల యింటికి పోయి, వారితో కూర్చుండి భోజనము చేయుదము. దూరముననున్న పిల్లలు డబ్బు పంపిన దినమున మాత్రమే గాక ఊరకయే ఫోను చేయవలెను. కష్టములోనున్న వృద్ధులు 14567 అను ఎల్డర్‌లైనుకు ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును. పోషింపని పిల్లలనుండి మనోవర్తి కోరుటకు 2007 నాటి చట్టము కలదు. అయితే తల్లి ఆ మెట్టు ఎక్కవలసి వచ్చుట మనకు సిగ్గు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో ఒంటరిగా భుజించువారెవరు? వారి పేర్లు మనకు తెలియునా?
2. మనము పంపు కానుక మన రాకకు తోడగుచున్నదా, బదులగుచున్నదా?
3. ఈ వారము మనము ఎవరి గడప త్రొక్కుదుము?

ప్రార్థన: తండ్రీ, మా పెద్దల నొంటరిగా విడిచిన మమ్మును క్షమించుము. మా కాళ్లను వారి గడపలకు నడిపించుము. ఆమేన్.