పెండ్లి పత్రముల పొందిక

పెండ్లి నిశ్చయమైన ఇంట మొదట కలము పట్టువారు పురోహితులు. పసుపు రాచిన కాగితముపై వారు లగ్నపత్రిక వ్రాయుదురు. దానినిబట్టి శుభలేఖ సిద్ధమగును. శుభలేఖకు కవరు కావలెను. పెండ్లినాడు చదివింపులు వ్రాసికొనుటకు పుస్తకము కావలెను. పెండ్లి ముగిసిన పిదప వచ్చినవారికి కృతజ్ఞత తెలుపుచు చిన్న పత్రమును పంపువారును కలరు. ఇట్లు ఒక్క వివాహమునకు ఐదారు పత్రములు ఏర్పడుచున్నవి. వీనినన్నిటిని ఒకే తీరున, ఒకే రంగున, ఒకే బొమ్మతో అచ్చువేయించుకొనవలెనను కోరిక నేడు పట్టణములందేకాక పల్లెలందును కనబడుచున్నది.

ఈ కోరిక మంచిదే. కాని పొందిక యనగా రంగుల పొందిక మాత్రమే కాదు. లగ్నపత్రికలో ఒక తేది, శుభలేఖలో వేరొక తేది. శుభలేఖలో ఒక పేరు, బడి ధ్రువపత్రములో వేరొక పేరు ఉన్నచో, పత్రము లెంత అందముగా నున్నను వానికి పొందిక లేనట్లే. మొదట వివరములు పొందవలెను. పిమ్మట రంగులు పొందవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన దిదియే.

ఇది కుటుంబముల సొంత విషయము గదా, పంచాయతీ సభ్యులకు దీనితో పని యేమి యని కొందరడుగవచ్చును. గ్రామమున అచ్చయిన శుభలేఖ ముందుగా చేరు గడపలలో సర్పంచి గడపయు, వార్డు సభ్యుని గడపయు ఉన్నవి. తరువాత వివాహ నమోదునకు పోయినప్పుడు అడుగు కాగితములలో శుభలేఖ సాధారణముగా నుండును. భర్త చనిపోయిన ఆడపడుచు వారసత్వమునకై తిరుగునప్పుడును, విడిచిపెట్టబడిన ఇల్లాలు భరణము కోరునప్పుడును, పెండ్లి జరిగినదని చూపుటకు పెట్టెలోనుండి బయటికి తీయు కాగితమును అదియే. శుభలేఖ ఒక్కటే వివాహమునకు పూర్తి రుజువు కాజాలదు. అయినను మిగిలిన రుజువులకు అది తోడు నిలుచును. అందలి తప్పు ఆ తోడును చెరచును.

శుభలేఖలో ఉండవలసినవి

శ్లోకమును, దైవస్మరణయు, వినయవాక్యములును ఎవరి ఆచారము ననుసరించి వారు వ్రాసికొందురు. ముస్లిము కుటుంబములు నికాహ్ జరుగు స్థలమును, క్రైస్తవ కుటుంబములు చర్చి పేరును చేర్చుట వాడుక. ఆచార మేదైనను ఈ క్రింది వివరములు స్పష్టముగా నుండవలెను.

1. వధూవరుల పూర్తి పేర్లు, ఇంటిపేర్లతో.
2. ఇరువురి తల్లిదండ్రుల పేర్లు, ఊళ్ళు, మండలములు.
3. పంచాంగపు తిథి వారములతోపాటు వాడుక తేది, నెల, సంవత్సరము.
4. ముహూర్తము గంటలు, నిమిషములు.
5. వివాహస్థలము, ఊరు, మండలము, జిల్లా.
6. విందు వేరొక రోజున లేక వేరొక చోట జరిగినచో దాని వివరములు.

తల్లిపేరు విడిచి తండ్రిపేరు మాత్రమే వేయు శుభలేఖలు నేటికిని కనబడుచున్నవి. బిడ్డను కని పెంచిన తల్లి పేరునకు అందు చోటు లేకుండుట న్యాయము కాదు. వివరముల దృష్టితో చూచినను ఇద్దరి పేర్లుండుటయే మేలు.

పేరు విషయమున మరియొక జాగ్రత్త కలదు. ఇంటిలో పిలుచు ముద్దుపేరు ఒకటి, బడిలో వ్రాయించిన పేరు వేరొకటి యగుట మన పల్లెలలో సామాన్యము. బంధువులు గుర్తింపవలెనని ముద్దుపేరును మాత్రమే అచ్చువేయుదురు. తరువాత నమోదు కార్యాలయమున ఈమెయే ఆమె యని చూపుట కష్టమగును. కావున బడి ధ్రువపత్రమునందు, ఆధార్ కార్డునందు ఉన్న పేరును అచ్చుగా వేసి, ముద్దుపేరును ప్రక్కన కుండలీకరణములో వేసికొనవచ్చును. చి॥, చి॥ల॥సౌ॥ అను గౌరవ సంక్షేపములు పేరునకు ముందు చిన్న అక్షరములలో నుండుట చాలును.

రాత్రి ముహూర్తపు చిక్కు

మన తెలుగునాట పెండ్లిండ్లు పెక్కు అర్ధరాత్రి దాటిన పిమ్మట జరుగును. పంచాంగము ప్రకారము దినము సూర్యోదయముతో మొదలై మరునాటి సూర్యోదయమువరకు ఉండును. వాడుక తేది అర్ధరాత్రి 12 గంటలకే మారును. చిక్కంతయు నిందే పుట్టుచున్నది.

ఒక నెల 14వ తేది గురువారమనుకొందము. ఆనాటి రాత్రి 2 గంటల 18 నిమిషములకు ముహూర్తము. పురోహితుని లెక్కలో అది గురువారమే. గడియారము లెక్కలో అది 15వ తేది శుక్రవారము తెల్లవారుజాము. శుభలేఖపై “15వ తేది శుక్రవారము రాత్రి 2-18 గంటలకు” అని అచ్చుపడినచో, దూరమునుండి వచ్చు మేనమామ శుక్రవారము సాయంత్రము బస్సు దిగును. అప్పటికి పందిరి విప్పుచుందురు. “గురువారము రాత్రి” అని వాడుక తేది విడిచి వ్రాసినను చిక్కే. నమోదు పత్రమున ఒకరు 14 అనియు, ఒకరు 15 అనియు వ్రాయుదురు.

మన పెద్దలు దీనికి చక్కని మాట నొకదానిని ఏర్పరచిరి. “తెల్లవారితే శుక్రవారము” అని చేర్చుటయే ఆ మాట. దానికి తేదిని గూడ జతచేసి ఇట్లు వ్రాసినచో సందేహమునకు తావుండదు: “14వ తేది గురువారము రాత్రి 2-18 గంటలకు, అనగా తెల్లవారితే 15వ తేది శుక్రవారము.” ఈ వాక్యము లగ్నపత్రికలోను, శుభలేఖలోను, కవరు మీదను అక్షరము మారకుండ ఒకే రీతిని ఉండవలెను. నమోదు దరఖాస్తులో మాత్రము వాడుక తేదియైన 15ను వ్రాయవలెను.

వయస్సు

అచ్చుకు పంపు వ్రాతప్రతి సిద్ధము చేయునప్పుడే వధూవరుల పుట్టినతేదుల ధ్రువపత్రములను ముందుంచుకొనవలెను. 1929 నాటి శారదా చట్టము బాలికకు 14, బాలునికి 18 ఏండ్లను కనీస వయస్సుగా నిర్ణయించెను. 1978లో వచ్చిన సవరణ వానిని 18, 21గా పెంచెను. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము 2007 నవంబరు 1వ తేదినుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము బాల్యవివాహమును జరిపినవారికిని, నడిపించినవారికిని, తోడ్పడినవారికిని రెండేండ్లవరకు కఠిన కారాగారమును, లక్ష రూపాయలవరకు జరిమానాయు విధింపవచ్చును.

శుభలేఖలు అచ్చయి బంధువులకు పంచిన పిమ్మట ఒక బాలిక పెండ్లి నాపుట ఎంతో కష్టము. “పిలుపులైనవి, పరువు పోవును” అను మాట అడ్డువచ్చును. అచ్చుకు ముందు ఆపుట తేలిక. అప్పటికి పోవునది ఒక వ్రాతకాగితము మాత్రమే. కావున వయస్సు చూడవలసిన వేళ పెండ్లి పందిరి కాదు, వ్రాతప్రతి. సభ్యునకు శుభలేఖ అందినప్పుడు ఆ పిల్ల నిన్నటివరకు తొమ్మిదవ తరగతికి పోవుచుండినదను సంగతి గుర్తునకు వచ్చినచో, ఊరకుండుట తగదు. ముందుగా తల్లిదండ్రులతో మాటలాడవలెను. వినకున్నచో బాల్యవివాహ నిషేధాధికారికైనను, 1098 నెంబరునకైనను తెలుపవలెను.

చదివింపుల పుస్తకము, కానుకల పట్టీ

చదివింపుల పుస్తకము ఆనాటి సందడిలో ఎవరో ఒకరు గీతలు లేని నోటుబుక్కులో వ్రాయునదిగా నున్నది. నిజమునకు అది బాకీల పుస్తకము వంటిది. చదివించినవారి ఇంట శుభకార్యమైనప్పుడు మనమును చదివింపవలెను గదా. శుభలేఖతోపాటు దీనికిని నాలుగు గడులు గీయించి అచ్చువేయించుట మంచిది: ఇచ్చినవారి పేరు, ఊరు; వారి బంధుత్వము; ఇచ్చిన వస్తువు; దాని సుమారు విలువ.

ఈ గడులను మేము ఊహించి చెప్పుటలేదు. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. దానిక్రింద 1985లో చేసిన నియమములు వధువునకు వచ్చిన కానుకల పట్టీని వధువును, వరునికి వచ్చిన కానుకల పట్టీని వరుడును ఉంచుకొనవలెనని చెప్పుచున్నవి. పెండ్లి సమయముననో, వీలైనంత త్వరలోనో ఆ పట్టీని వ్రాసి ఇరువురును సంతకములు చేయవలెను. పట్టీ వ్రాసినంతమాత్రమున కట్నము కానుక కాజాలదు. కట్నము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు, అడుగుటయు నేరములే. కాని పుట్టింటివారు ప్రేమతో ఇచ్చిన నగ యెవరిది యను తగవు రేపు వచ్చినచో, సంతకములున్న ఆ పట్టీయే ఆమెకు అండ.

కొలతలు, కాగితము, ఖర్చు

ఇక రూపము సంగతి. ఏ-4 కాగితము కొలత 210 × 297 మిల్లీమీటర్లు. దానిని సగము చేసిన ఏ-5 (148 × 210), మరల సగము చేసిన ఏ-6 (105 × 148) వచ్చును. ఏ-5 అట్టను నడుమ మడిచినచో ఏ-6 పుస్తకమువలె నగును. అది 114 × 162 మిల్లీమీటర్ల సి-6 కవరులో సరిగా ఇముడును. కృతజ్ఞతా పత్రమును మడత లేని ఏ-6గా చేసినచో దానికిని అదే కవరు సరిపోవును. ఇట్లు కొలతలు ముందుగా కుదుర్చుకొన్నచో కాగితము వృథా కాదు. కత్తిరింపు ఖర్చు తగ్గును.

చదరపు మీటరుకు 250 గ్రాములు తూగు అట్ట గట్టిగా నుండును. ఏ-5 పరిమాణము చదరపు మీటరులో 32వ వంతు గనుక ఒక్కొక్క శుభలేఖ 8 గ్రాములకు లోపే తూగును. తపాలాలో పంపినను బరువు రుసుము పెరగదు.

రంగుల విషయమున రెండు సిరాలు చాలును. లేత పసుపు లేక తెల్లని కాగితముపై ముదురు ఎరుపు, నలుపు చక్కగా చదువవచ్చును. ఎఱ్ఱని అట్టపై బంగారు తళుకు అక్షరములు దీపపు వెలుగులో మెరయునే కాని తాతగారి కంటికి ఆనవు. తెలుగు అక్షరములకు పైన గుడులు, క్రింద వత్తులు ఉండును. కావున పంక్తుల నడుమ ఎడము ఎక్కువగా విడువవలెను. బొమ్మ ఒక్కటి చాలును. కలశమో, మామిడాకుల తోరణమో, అరటి గెలయో ఎన్నుకొని, దానినే కవరు మూలను, శుభలేఖ తలపైన, చదివింపుల పుస్తకపు అట్టమీద, కృతజ్ఞతా పత్రమున వేయించవలెను. అక్షరపు తీరును, సిరాలను మార్చకున్నచో ఎవరు చూచినను ఇవన్నియు ఒకే ఇంటి పత్రములని గుర్తింతురు.

ఖర్చును ఒక లెక్కతో చూతము. 300 శుభలేఖలు కావలెననుకొందము. ఒక్కొక్కటి 30 రూపాయలైనచో 9,000 రూపాయలు. 8 రూపాయలైనచో 2,400 రూపాయలు. తేడా 6,600 రూపాయలు. అప్పు తెచ్చి పెండ్లి చేయు కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. పిలుపునకు విలువ నిచ్చునది పిలిచినవారి మనసేగాని అట్ట మందము కాదు. నాలుగు మూలల పసుపు పూసిన సాదా శుభలేఖను చేతికిచ్చి, బొట్టుపెట్టి పిలిచినచో ఎవరు రాకుందురు?

అచ్చుకు ముందు

ముద్రణాలయమువారిచ్చు ప్రూఫును ఒక్కరే చదువరాదు. ఒకరు వ్రాతప్రతిని పైకి చదువగా, మరియొకరు ప్రూఫును చూడవలెను. వారమును, తేదిని పంచాంగముతోను, గోడ క్యాలెండరుతోను సరిచూడవలెను. వధువు వారొకరు, వరుని వారొకరు ప్రూఫుపై సంతకము చేసిన పిమ్మటనే అచ్చుకు అనుమతింపవలెను. రెండు ఇండ్లవారు వేర్వేరుగా శుభలేఖలు వేయించుకొనుట మన వాడుక. అందుచే పెండ్లికొడుకు వారి శుభలేఖయు, పెండ్లికూతురి వారి శుభలేఖయు ప్రక్కప్రక్కన నుంచి చూచుట మరువరాదు.

పెండ్లి ముగిసిన తరువాత లగ్నపత్రికను, శుభలేఖలు రెండింటిని, కానుకల పట్టీని ఒక కవరులో పెట్టి వధువు చేతి కీయవలెను. ఆంధ్రప్రదేశ్ వివాహముల నిర్బంధ నమోదు చట్టము 2002లో వచ్చినది. మతభేదము లేక వివాహములన్నిటిని నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరిలో రాష్ట్రములను ఆదేశించినది. నమోదు ఎచ్చట, ఎట్లు జరుగునో పంచాయతీ కార్యదర్శి నడిగి తెలిసికొని, జాప్యము లేక చేయించుటకు సభ్యులు తోడ్పడవలెను.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున గత సంవత్సరము జరిగిన వివాహములెన్ని? అందు నమోదైనవెన్ని?
2. శుభలేఖ అచ్చుకు ముందు వయస్సు పత్రములు చూడవలెనని గ్రామసభలో తీర్మానింపవచ్చునా? పురోహితులను, పాస్టర్లను, ఖాజీలను, సమీపపు ముద్రణాలయములవారిని ఇందుకు ఒప్పింపగలమా?
3. వివరములు వ్రాసికొనుటకు ఒక నమూనా కాగితమును పంచాయతీ కార్యాలయమున ఉంచవచ్చునా?

ఇకమీదట మీ గడపకు శుభలేఖ వచ్చినప్పుడు విందు ఎప్పుడో చూచి ప్రక్కన పెట్టక, పేర్లను, తేదిని, ఊరిని ఒకమారు నిదానముగా చదువుడు. తప్పు కనబడినచో ఆ ఇంటివారికి వెంటనే చెప్పుడు. పెండ్లికి ముందు దిద్దిన తప్పు రేపు ఒక ఆడబిడ్డను కచేరీల చుట్టు తిరుగకుండ కాపాడవచ్చును.