ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా? లెక్క వేసి చెప్పండి!

కొత్త ఫ్రిజ్ నచ్చింది. బేరం కుదిరింది. బిల్లు రాస్తుండగా కౌంటర్ దగ్గర ఒక మాట వినిపిస్తుంది. "ఇంకో మూడు వేలు కడితే రెండేళ్ల ఎక్స్‌టెండెడ్ వారంటీ సార్. రేపు పాడైతే మీకే ఇబ్బంది."

ఆ క్షణంలో కొందరు భయపడి కట్టేస్తారు. కొందరు చిరాకుపడి వద్దంటారు. రెండూ తొందరపాటే. మీరు ఈ రెండూ చేయరు. లెక్క వేసి జవాబు చెబుతారు. అది పుట్టుకతో వచ్చే తెలివేం కాదు. ఎవరైనా నేర్చుకోగల అలవాటు.

మన మహదేవపూర్ మండలం రైతుకైతే ఈ అలవాటు సగం వచ్చినట్టే. పత్తి విత్తనాల బిల్లు, ఖాళీ ప్యాకెట్ పంట చేతికొచ్చేదాకా దాచుకుంటారు. మొలక రాకపోతే అడగడానికి అవే ఆధారం. చేనులో చూపే ఆ జాగ్రత్తను ఇంట్లోకి తెచ్చుకోండి.

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు ఇల్లు కొన్నప్పుడు 'హోమ్ వారంటీ' గురించి వింటారు. 1971 నుంచి అక్కడ ఆ వ్యాపారం ఉంది. ఏడాదికి ఇంత అని కడితే ఏసీ, పైపులు, వైరింగ్, వంటింటి మెషీన్లు చెడినప్పుడు బాగుచేస్తారు. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ సర్వీస్ ఫీజు వేరు. మన దగ్గర అది ముక్కలు ముక్కలుగా వస్తుంది. టీవీకి ఎక్స్‌టెండెడ్ వారంటీ, వాటర్ ప్యూరిఫయర్‌కు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం), ఇంటికి బీమా. పేరు ఏదైనా మీరు వేయాల్సిన అడుగులు ఐదే.

1. ఉన్నదేమిటో ముందు చూడండి

చాలా ఫ్రిజ్‌లకు కంప్రెసర్ మీద కంపెనీయే పదేళ్ల వారంటీ ఇస్తుంది. ఇన్వర్టర్ బ్యాటరీ మీద '36+24' అని ఉంటే మొదటి 36 నెలల్లో చెడితే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24 నెలల్లో కొత్తదాని ధరలో కొంత తగ్గింపే ఇస్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ కంపెనీ వారంటీ ముగిశాకే మొదలవుతుంది. డబ్బు మాత్రం ఈరోజే కడతారు. ఈ తేడా తెలిస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

2. కాగితం మీద లెక్క వేయండి

వారంటీ ధర 3,000 రూపాయలు. పెద్ద రిపేరు వస్తే 5,000 అవుతుందనుకుందాం. అంటే ఇలాంటి ఫ్రిజ్ కొన్న పది ఇళ్లలో ఆరింటికి ఆ రెండేళ్లలోనే ఆ రిపేరు రావాలి. అప్పుడే కట్టిన డబ్బు గిట్టుబాటు. అంత తరచుగా చెడిపోయే మోడల్ అయితే అసలు దాన్ని ఎందుకు కొంటున్నారు? మోడల్ మార్చండి!

3. 'వర్తించనివి' ముందు చదవండి

వర్తించేవి పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మీరు చిన్న అక్షరాల దగ్గర మొదలుపెట్టండి. వోల్టేజీ హెచ్చుతగ్గులు, ఎలుకలు కొరికిన వైర్లు, పిడుగు, వరద నీరు, ప్లాస్టిక్, గాజు. చాలా వారంటీలు వీటికి వర్తించవు. మీ ఇంట్లో వోల్టేజీ సమస్య ఉంటే ముందు మంచి స్టెబిలైజర్, సరైన ఎర్తింగ్ పెట్టించండి.

4. మెకానిక్ మీ ఊరు వస్తాడా?

పట్నంలో పనికొచ్చే వారంటీ మండలంలో పనికి రాకపోవచ్చు. మీ పిన్‌కోడ్ చెప్పి కస్టమర్ కేర్‌ను అడగండి. ఇంటికి వస్తారా? ఎన్ని రోజుల్లో? రాకపోకల ఖర్చు ఎవరిది? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

5. ఒక రాత్రి ఆగండి

"ఈరోజే ఆఫర్" అన్న మాటకు తలొగ్గొద్దు. కంపెనీ వారంటీ నడుస్తుండగా తర్వాత కూడా కొనే వీలు చాలా కంపెనీల్లో ఉంటుంది. ఆ సంగతి అడగండి. "రేపు చెబుతాను" అనడం నేర్చుకోండి.

వరదకు వారంటీ కాదు, బీమా

2022 జులైలో గోదావరి పొంగి కన్నెపల్లి పంప్‌హౌస్‌నే ముంచేసింది. 2023 జులైలో మోరంచవాగు మోరంచపల్లి ఊరిని ముంచెత్తింది. అలాంటి నష్టానికి ఫ్రిజ్ వారంటీ రూపాయి ఇవ్వదు. దానికి ఇంటి బీమా కావాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' పాలసీ ఇస్తున్నాయి. అగ్నిప్రమాదం, పిడుగు, తుఫాను, వరద దీనిలోకి వస్తాయి. ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం వరకు, గరిష్ఠంగా పది లక్షల దాకా ఇంట్లో సామానుకూ రక్షణ ఉంటుంది. వాగు పక్కన ఉన్నవాళ్లు వారంటీకి ముందు దీని ప్రీమియం కనుక్కోండి.

మేడిగడ్డ నేర్పే పాఠం

మన మండలంలోని మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాక్‌లో పిల్లర్లు కుంగాయి. వెంటనే వచ్చిన పెద్ద ప్రశ్న ఏమిటి? మరమ్మతు ఖర్చు ఎవరిది? లోపాల బాధ్యత గడువు ముగిసిందా, లేదా? వేల కోట్ల పనికే ఈ వివాదం తప్పలేదు. మీ ఇంటి పనికి ముందే రాసుకోండి. గడువు ఏ తేదీన మొదలవుతుంది? ఎప్పుడు ముగుస్తుంది? దేనికి ఎవరు బాధ్యులు?

కొత్త స్లాబ్ వేయిస్తున్నారా? ఒక వానాకాలం గడిచేదాకా మేస్త్రీకి ఇవ్వాల్సిన దాంట్లో కొంత ఆపుతామని ముందే మాట్లాడుకోండి. హనుమకొండలోనో హైదరాబాద్‌లోనో రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) కిందికి వచ్చే ఫ్లాట్ కొన్నారా? స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలో నిర్మాణ లోపం చూపిస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఇది చట్టం. దీనికి విడిగా వారంటీ కొననక్కర్లేదు.

మాట తప్పితే?

వదిలేయకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు చేయాలి. వస్తువు విలువ ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.

ఇదీ తీర్పు

కొనండి: వస్తువు ఖరీదైనది, రిపేరు ఖర్చు వారంటీ ధరకు చాలా రెట్లు, మెకానిక్ మీ ఇంటికే వస్తాడు. ఈ మూడూ కుదిరితేనే.

కొనకండి: మిక్సీ, ఫ్యాన్, ఐరన్ బాక్స్ లాంటి చిన్న వస్తువులకు. వాటిని మన ఊరి మెకానిక్కే బాగుచేస్తాడు.

మిగతా అన్నిటికీ 'రిపేరు నిధి' పెట్టుకోండి. వద్దన్న ప్రతి వారంటీ సొమ్మునూ అదే రోజు ఒక ఖాతాలో వేయండి. ఏదీ చెడకపోతే ఆ డబ్బు మీదే.

ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లోని బిల్లులు, వారంటీ కార్డులు ఒక ఫైల్లో పెట్టండి. ఫోన్‌లో ఫొటోలు తీయండి. గడువు తేదీలు క్యాలెండర్ మీద రాయండి. ఇంట్లో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, వాళ్లకూ అలవాటవుతుంది. మీ డబ్బు ఎక్కడికి పోవాలో చెప్పాల్సింది మీరే. ఇవాళే మొదలుపెట్టండి!