కరిగించే ముందు ఒక్కసారి చూడండి: వారసత్వపు నగల వయసు తెలుసుకోవడం ఎలా?

ఇంటి పెద్దావిడ కన్నుమూసిన కొన్నాళ్లకు నగలపెట్టె తెరవక తప్పదు. ఎవరి వాటా ఎంత, జకాత్ ఎంత, దేన్ని దానంగా ఇవ్వాలి అన్న మాటలు మొదలవుతాయి. చాలా ఇళ్లలో ఈ పని ఒక్క పూటలో ముగిసిపోతుంది. కంసాలి తూకం వేస్తాడు, ధర చెబుతాడు, కరిగిస్తాడు. ఆ నగ ఏ కాలానిది, ఎవరిది అని అడిగేవారుండరు. కరిగాక అడిగినా జవాబు దొరకదు.

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. దాదీ పెట్టెలో ఒక గుండ్రని వెండి పౌడరు డబ్బీ ఉండేది. మూత తీస్తే లోపల అద్దం. 1938లో దాదీ నికాహ్‌కు వచ్చిన కానుక అని అందరం అనుకునేవాళ్లం. మా ఫూఫీ మాత్రం “అది నాది, దాచమని అమ్మీ చేతికిచ్చాను” అనేవారు. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు. ఫూఫీ కూడా పోయాక, పంపకాల సమయంలో ఆ డబ్బీ అంచును భూతద్దంతో చూశాం. చిన్న ముద్రల వరుసలో ఒక రాణి తల కనిపించింది. అది ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి గుర్తుగా, 1953కు కాస్త అటూ ఇటూ మాత్రమే బ్రిటన్‌లో వేసిన ముద్ర. 1938 నాటి కానుక మీద అది ఉండే వీల్లేదు. ఫూఫా ఇంగ్లండు నుంచి తిరిగొచ్చింది 1954లో. అంటే అది దాదీ వదిలివెళ్లిన ఆస్తి కాదు, ఆమె దగ్గర ఉంచిన అమానత్. పంపకం నుంచి తీసి ఫూఫీ పిల్లలకు అప్పగించాం. ఆమె బతికుండగానే చూసి ఉంటే బాగుండేదన్న బాధ మాత్రం మిగిలింది.

అందుకే ఈ పాఠం. సూత్రం ఒక్కటే: నగలో అన్నిటికన్నా కొత్తగా ఉన్న గుర్తు ఏదో వెతకండి. నగ అంతకన్నా పాతది కాదు. అయితే కొక్కెం, గొలుసు, దారం తర్వాత మార్చి ఉండవచ్చు. వాటిని పక్కన పెట్టి అసలు భాగాన్నే చూడాలి.

కాగితాలు, డబ్బాలు పారేయకండి

పాత రసీదు, నగల దుకాణం అట్టపెట్టె కూడా సాక్ష్యమే. లెక్క రూపాయలు, అణాలు, పైసల్లో ఉంటే సాధారణంగా అది 1957 ఏప్రిల్‌కు ముందుది. ఆ నెలలోనే నయా పైసా వచ్చింది. దుకాణం చిరునామాలో ఆరంకెల పిన్‌కోడు ఉంటే ఆ పెట్టె 1972 ఆగస్టు 15 తర్వాతది. ‘హాలీ సిక్కా’ అని రాసి ఉంటే అది హైదరాబాద్ సంస్థానపు నాణెంతో జరిగిన కొనుగోలు. కానీ పాత పెట్టెలో కొత్త నగ పెట్టే అలవాటు అందరికీ ఉంది. నగ ఆ పెట్టెలోని గుంటలో సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడండి.

నాణేలు

లాకెట్‌గానో కాసులపేరులోనో అసలు సవరను ఉంటే దాని మీద సంవత్సరం ఉంటుంది. నగ ఆ ఏడాదికి ముందుది కాజాలదు, తర్వాత ఎప్పటిదైనా కావచ్చు. అసలు సవరను బరువు సుమారు 7.98 గ్రాములు, బంగారం 22 క్యారెట్లు. కంసాలులు అచ్చు పోసిన నకలు కాసులూ చాలా ఉన్నాయి. వాటి మీది సంవత్సరాన్ని నమ్మలేం.

ముద్రలు

మన దేశంలో బంగారానికి బి.ఐ.ఎస్. హాల్‌మార్క్ 2000లో, వెండికి 2005లో మొదలైంది. అంతకుముందు నగల మీద అది ఉండదు. లేనంత మాత్రాన బంగారం నాసిరకం అనుకోకూడదు. 2016 చివరి వరకు బంగారు నగల ముద్రల్లో సంవత్సరాన్ని తెలిపే ఒక అక్షరం ఉండేది: 2000కి ఏ, 2001కి బి, 2008కి జె. 2021 జూలై నుంచి అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల హెచ్.యు.ఐ.డి. వచ్చింది. బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో దాన్ని కొడితే వివరాలు తెలుస్తాయి. పాత నగకు తర్వాత ముద్ర వేయించి ఉండవచ్చు కాబట్టి, ముద్ర వేసిన తేదీనే తయారీ తేదీ అనుకోవద్దు.

ఇంగ్లండు వెండి డబ్బీల మీద నడుస్తున్న సింహం బొమ్మ ఉంటే అది నూటికి 92.5 పాళ్ల వెండి. లంగరు బొమ్మ బర్మింగ్‌హామ్ పరీక్షశాలది. పక్కనున్న అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఈ.పి.ఎన్.ఎస్. అని ఉంటే వెండి పూత మాత్రమే. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉన్న డబ్బీలు 1945–1952 మధ్యవి. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949–1990 మధ్యవి.

రాళ్లు, ముత్యాలు

పాత నగలో ఉన్నంత మాత్రాన కెంపు సహజమైనది కాదు. కృత్రిమ కెంపుల తయారీని ఫ్రాన్స్‌లో వెర్నూయ్ 1902లోనే ప్రకటించాడు. భూతద్దంలో వంకర గీతలు, గుండ్రని బుడగలు కనిపిస్తే అనుమానించాలి. పెంపకపు ముత్యాలు 1920ల నుంచి బజారులోకి వచ్చాయి. దాదీ సత్‌లడాలోనివి బస్రా ముత్యాలా, పెంపకపువా అన్నది ఎక్స్‌రే పరీక్షలో తేలుతుంది. ధరలో తేడా చాలా ఉంటుంది. కాబట్టి అడగకుండా దారం తెంపనివ్వకండి.

జడావు నగల తూకం

కర్ణ్‌ఫూల్, చింతాక్ వంటి కుందన్ నగల లోపల లక్క నింపుతారు. తూకంలో వచ్చే బరువంతా బంగారం కాదు. పంపకానికైనా జకాత్‌కైనా బంగారం బరువు వేరుగా అంచనా కట్టించండి. మసలా విషయంలో ఆలిమ్‌ను అడగండి. ఈ నగలను సబ్బు నీటిలో ముంచకండి. రాళ్ల వెనుక రేకులోకి నీరు దిగితే మెరుపు పోతుంది.

చివరగా

పెట్టె తెరిచిన రోజే ప్రతి వస్తువుకూ ముందు, వెనుక, ముద్ర కనిపించేలా ఫొటో తీయండి. బరువు, ఎవరిదని ఎవరు చెప్పారు, ఏ గుర్తులు కనిపించాయి అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. ఇంట్లో మిగిలిన పెద్దలను ఇవాళే కూర్చోబెట్టి అడగండి. దానంగా ఇచ్చేటప్పుడు ఆ కాగితం నకలు కూడా నగతో పాటు ఇవ్వండి. విలువ తెలిసి అమ్మితే పేదవారికి అందేది పెరుగుతుంది. ఇతరుల అమానత్ పొరపాటున మన దానంలో కలిసిపోకుండా ఉంటుంది. మనది కానిది దానం చేసే హక్కు మనకు లేదు కదా.