చింతపండు రంగు దాచుకోండి

మాఘం దాటి ఎండ ముదిరేసరికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో చింతచెట్ల కింద పట్టలు పరుస్తారు. అందరి పండూ ఒక్కసారిగా హిందూపురం మార్కెట్ యార్డుకు చేరేదీ ఇప్పుడే. ధర నచ్చని రైతుకు నాలుగు నెలలు దాచుకుందామనిపిస్తుంది. దాచుకోవచ్చు. అయితే చింతపండు కుళ్లి చెడేది తక్కువ, నల్లబడి చెడేది ఎక్కువ. యార్డులో కరిపులి, ఫ్లవర్ అనే చింతపండు రకాలకు వేరువేరు ధరలు పలుకుతాయని మీకు తెలిసిందే. మంచి రంగుతో లోపలికి వెళ్లిన సరుకు నల్లగా బయటికొస్తే, అప్పుడు ధర పెరిగినా గిడ్డంగి బాడుగ కూడా గిట్టదు.

రంగు కాపాడే పని చెట్టు దగ్గరే మొదలవుతుంది. పెంకు పెళుసుబారి, ఊపితే లోపల పండు కదిలే కాయనే దులపండి. దోరకాయలో తేమ ఎక్కువ. బాగా పండినదానితో కలిపి మూట కట్టారా, ఆ చెమ్మ మూటంతా పాకుతుంది. దులిపిన కాయను పెంకుతోనే ఎండబెట్టండి. పెంకు కొట్టి, నార, గింజ తీశాక మాత్రం నడిమధ్యాహ్నపు ఎండలో రోజుల తరబడి పరచొద్దు. వేడికి, గాలికి రంగు మారిపోతుంది. పొద్దుటి ఎండ చూపించండి, వేళ్లకు జిగురు అంటకుండా ఉంటే చాలు. గుజ్జులో ఐదోవంతు దాకా తేమ ఉండటం సహజమే. రాత్రి మంచులో వదలొద్దు, చింతపండు గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది. తూకం కోసం నీళ్లు చిలకరించే తెలివి కొందరిది. కొనేవాడి చేతికి అది తెలియకపోదు, దాచడానికైతే ఆ సరుకు అసలే పనికిరాదు. గుజ్జే ఎర్రగా ఉండే అనంత రుధిర లాంటి రకం మీకుంటే మామూలు పండులో కలపకుండా వేరుగా కట్టండి.

మూటకు మందపాటి పాలిథిన్ సంచి వాడండి. లోపల గాలి మిగలకుండా అదిమి, మూతి బిగించి, పైన గోనె తొడగండి. ఇలా కట్టిన సరుకును 10 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచితే నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. అదే మూటను ధర్మవరం ఎండలకు కాగే రేకుల షెడ్డులో పడేస్తే తొలకరికల్లా నల్లబడుతుంది. అలాగని ఉన్నదంతా శీతల గిడ్డంగికి తోలకండి. బాడుగ, హమాలీ కూలి, అప్పు మీద వడ్డీ కలిపి లెక్కేస్తే, గింజా నారా లేని, మంచి రంగున్న పండుకే ఆ ఖర్చు తగును. మిగతాది ఈ సీజన్‌లోనే అమ్మేయడం మేలని నా మాట. పెట్టేటప్పుడు రసీదులో బస్తాల లెక్క, బరువు, రకం రాయించుకోండి. దాని మీద బ్యాంకు అప్పు ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. బయటికి తీసిన రోజే మూతి విప్పొద్దు. చల్లటి పండుకు వేడిగాలి తగిలితే చెమ్మ పడుతుంది, మూట మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి.

ఇంటి వాడకానికైతే కల్లుప్పు కలిపి జాడీలో కూరడం పాత పద్ధతే, మంచిదే. అల్యూమినియం, ఇనుప పాత్రలు వద్దు, పులుపు లోహాన్ని తింటుంది. ఉప్పు కలిపిన పండు యార్డుకు వద్దు.

ఇక అసలు ప్రమాదం గింజతో ఉన్న కుప్పలో ఉంది. చింతకాయకు పట్టే పుచ్చు పురుగు, శెనక్కాయలకు పట్టే పుచ్చు పురుగు ఒకటే. శాస్త్రవేత్తలు దీన్ని కారియడాన్ సెర్రాటస్ అంటారు. చెట్టు మీద ఉండగానే చింతకాయ మీద గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పెంకును తొలిచి గింజలోకి దూరుతుంది. దానికి కావలసింది గింజే, కాబట్టి గింజ తీసిన గుజ్జులో దానికి తిండి లేదు. కానీ మన ఇళ్లలో జరిగేదేమిటి? ఖరీఫ్‌లో వచ్చిన విత్తనపు శెనక్కాయల బస్తాలు జూన్ కోసం ఒక మూల, కొట్టని చింతకాయలు, పోగేసిన చింతగింజలు ఇంకో మూల. పురుగుకు రెండు పంటలూ ఒకే గదిలో దొరుకుతాయి. తొలకరికి బస్తా విప్పితే కాయకో గుండ్రటి రంధ్రం, లోపల బోలు. పెంకు మీద తెల్లటి చిన్న గుడ్లు అంటుకుని కనిపిస్తే దాడి మొదలైనట్టే.

అందుకే చింతకాయను, చింతగింజను శెనక్కాయలున్న గదిలో పెట్టొద్దు. గింజను పేరబెట్టకుండా అమ్మేయండి, గంజిపిండి చేసేవాళ్లు కొంటారు. విత్తనపు కాయలను 9 శాతం తేమకు మించకుండా ఎండబెట్టి, కొత్త గోనెల్లో నింపి, నేలకు తగలకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలను మనుషులు పడుకునే ఇంట్లో సొంతంగా వాడొద్దు, వాటి నుంచి వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. వాటిని అనుమతి ఉన్నవారే వాడాలి. పండు మీద మాత్రం ఏ పురుగుమందూ చల్లొద్దు.

విత్తనపు బస్తాల్లో ఒకటి ఈ వారమే విప్పి, గుప్పెడు కాయలు పగలగొట్టి చూసుకోండి.